మహమ్మారి నీడలో శ్రామిక మాతలు: జమ్మికుంట పరిసరాల చరిత్ర

మహమ్మారుల చరిత్ర వ్రాసేవారు సాధారణంగా మూడు విషయాలు నమోదు చేస్తారు. రోగం ఎక్కడ పుట్టింది, ఏ దారిన వ్యాపించింది, ఎందరిని బలిగొన్నది. బ్రతికి మిగిలినవారి పనిపాటలు ఏ విధంగా మారాయన్న విషయం ఆ గ్రంథాలలో అరుదుగా కనిపిస్తుంది. అందులోనూ సంపాదించే తల్లి గురించిన ప్రస్తావన మరీ అరుదు. ఆమె తెల్లవారకముందే లేచి వంట చేస్తుంది, బిడ్డను బడికి పంపుతుంది, కూలికో కొలువుకో పోతుంది, తిరిగివచ్చి మళ్ళీ పొయ్యి అంటిస్తుంది. ఈ పనిలో సగం కూలి లెక్కకు ఎక్కుతుంది, మిగిలిన సగం ఏ లెక్కకూ ఎక్కదు. 2020లో మొదలైన కోవిడ్ మహమ్మారి లెక్కకెక్కే సగాన్ని తగ్గించి, ఎక్కని సగాన్ని పెంచింది. ఉత్తర తెలంగాణలోని జమ్మికుంట, దాని చుట్టుపట్ల ప్రాంతాల జీవితాన్ని పరిశీలించినప్పుడు ఈ మార్పు స్పష్టంగా అర్థమవుతుంది.

ఊరు, ఉపాధి

జమ్మికుంట కాజీపేట - బల్లార్షా రైలుమార్గం మీద ఉన్న వ్యాపార పట్టణం. 1929లో ఈ మార్గం పూర్తయిన తర్వాత మద్రాసు, ఢిల్లీ నగరాల మధ్య నేరుగా రాకపోకలు సాధ్యమైనాయి. నిజాం రాజ్యంలోని కరీంనగర్ జిల్లా పంటలకు కూడా దూరపు బజార్లు అందుబాటులోకి వచ్చాయి. ఈనాడు జమ్మికుంట పేరు చెప్పగానే పత్తి మార్కెట్టు గుర్తుకు వస్తుంది. 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ పట్టణం కరీంనగర్ జిల్లాలోనే మిగిలింది.

మార్కెట్టుకు వచ్చే పత్తి వెనుక స్త్రీల చేతులున్నాయి. విత్తనం పెట్టేది స్త్రీలు, కలుపు తీసేది స్త్రీలు, దసరా నాటినుంచి సంక్రాంతి దాటేవరకు కాయ పగిలిన కొద్దీ దూది ఏరేది స్త్రీలు. ఏరిన పత్తికి కిలోల లెక్కన కూలి ముడుతుంది. ఇవి గాక ఉత్తర తెలంగాణ స్త్రీలకు మరొక పెద్ద ఉపాధి బీడీలు చుట్టడం. నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, కరీంనగర్ జిల్లాలలో పద్మశాలి, గౌడ, ముదిరాజ్, దళిత కుటుంబాల స్త్రీలతో పాటు వేలాది ముస్లిం స్త్రీలు ఈ పనిమీద ఆధారపడి ఉన్నారు. పట్టణాలలో బట్టలు కుట్టడం, ప్రైవేటు బడులలో పాఠాలు చెప్పడం, ఆశా కార్యకర్తగా, అంగన్‌వాడీ టీచరుగా పనిచేయడం ఇతర మార్గాలు.

ముస్లిం స్త్రీల విషయంలో ఒక ప్రత్యేకత గమనింపదగినది. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలో పనిచేసే ముస్లిం స్త్రీలలో సుమారు 70 శాతం మంది ఇంటి ఆవరణలోనే పనిచేస్తున్నారు. అన్ని వర్గాల స్త్రీలనూ కలిపి చూస్తే ఈ సంఖ్య 51 శాతం. అంటే ఇల్లే కార్ఖానా, అంగడి, కుట్టుగది. 2020లో ప్రపంచమంతా "ఇంటినుంచి పని" అనే మాటను కొత్తగా నేర్చుకున్నది. నగరాలలోని కంప్యూటరు ఉద్యోగినులు ఆ మాటకు అర్థం తెలుసుకుంటున్న రోజుల్లో కరీంనగర్ బీడీ కార్మికురాలికి అది తల్లి దగ్గర నేర్చుకున్న పాత జీవితం. అయితే ఉద్యోగినికి ఇంటినుంచి పని చేసినా నెల జీతం అందింది. బీడీ కార్మికురాలికి ఆకు రానిదే పని లేదు, పని లేనిదే కూలి లేదు.

1918 నాటి పాఠం

ఈ నేలకు మహమ్మారి కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగింపు దశలో, 1918లో వచ్చిన ఇన్‌ఫ్లూయెంజా జ్వరం భారతదేశంలో కోటికి పైగా ప్రాణాలను హరించింది. పరిశోధకుల అంచనాలు చాలావరకు కోటి ఇరవై లక్షలకూ కోటి ఎనభై లక్షలకూ మధ్య ఉన్నాయి. ఆ సంవత్సరమే వానలు ముఖం చాటేశాయి, ధాన్యం ధరలు మండిపోయాయి. హైదరాబాదు రాజ్యంలో 1911లో సుమారు 1 కోటి 33 లక్షలుగా ఉన్న జనాభా 1921 నాటికి 1 కోటి 24 లక్షలకు పడిపోయింది. పదేళ్ళలో పెరగవలసిన జనం తగ్గడం వెనుక ఉన్న దుఃఖాన్ని ఊహించుకోవడం కష్టం కాదు.

ఆ జ్వరం స్త్రీలను ఎక్కువగా బలిగొన్నది. ఇంట్లో రోగికి సేవ చేసేది ఆమె, చివరకు మిగిలినది తినేది ఆమె. ఆ తర్వాత జరిగినదాన్ని ఆర్థిక చరిత్రకారులు జేమ్స్ ఫెన్‌స్కే, బిష్ణుప్రియ గుప్తా, సాంగ్ యువాన్ జనాభా లెక్కల ఆధారంగా పరిశీలించారు. మరణాలు ఎక్కువగా జరిగిన జిల్లాలలో 1921 నాటికి కూలిపనులకు, ముఖ్యంగా సేవాపనులకు వచ్చిన స్త్రీల నిష్పత్తి పెరిగింది. దీనికి ఒక కారణం వైధవ్యం. భర్త పోయాడు, పిల్లలు మిగిలారు, ఆమె పనికి బయలుదేరింది. కాని 1931 లెక్కల నాటికి ఈ పెరుగుదల నిలువలేదు. స్త్రీలు పనిలోకి వచ్చినది అవసరం తరిమినందువల్లనే గాని, సమాజం వారి పనికి విలువ కట్టినందువల్ల కాదు. అవసరం తీరగానే పాత వ్యవస్థ తన స్థానాన్ని తిరిగి ఆక్రమించింది.

ఈ పాఠాన్ని మనసులో ఉంచుకొని 2020ని పరిశీలించాలి. స్త్రీలు ఎక్కువ మంది పనిలోకి వచ్చారని లెక్కలు చెప్పినంత మాత్రాన వారి స్థితి మెరుగైనట్లు కాదు. ఏ పనిలోకి వచ్చారు, ఎందుకు వచ్చారు, ఇంటిపనిలో ఎవరు పాలు పంచుకున్నారు అన్న ప్రశ్నలకు జవాబు కావాలి.

2020 మార్చి

తెలంగాణలో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చి 2న హైదరాబాదులో బయటపడింది. ఆ నెల మధ్యలో ఇండోనేషియా నుంచి వచ్చిన ఒక ధార్మిక బృందం ఢిల్లీనుంచి రైలులో రామగుండం చేరి, అక్కడినుంచి కరీంనగర్ వెళ్ళింది. మార్చి 18న ఆ బృందంలోని వారికి వ్యాధి ఉన్నట్లు తేలింది. కరీంనగర్‌లో వారు బస చేసిన పరిసరాలను దిగ్బంధం చేశారు, ఇంటింటికీ వైద్య సిబ్బంది తిరిగారు. రాష్ట్రంలో ఈ పద్ధతిని మొదట చవిచూసిన పట్టణం కరీంనగరే. మార్చి 22న జనతా కర్ఫ్యూ, వెంటనే రాష్ట్రంలో లాక్‌డౌన్, 25వ తేదీ నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలుకు వచ్చాయి. రైళ్ళు ఆగిపోయాయి.

వ్యాధి ఎవరికైనా రావచ్చు. కాని ఆ వసంతంలో ఒక వర్గం మీద నింద పడింది. దేశంలో పలుచోట్ల ముస్లిం చిరువ్యాపారుల వద్ద సరుకు కొనవద్దన్న ప్రచారం జరిగింది. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం తబ్లీగీ జమాఅత్‌కు చెందిన విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని అభిప్రాయపడింది. తీర్పు వచ్చేనాటికి అయిదు నెలలు గడిచాయి. ఇల్లిల్లూ తిరిగి గాజులో, బట్టలో, కూరగాయలో అమ్ముకునే తల్లికి ఆ అయిదు నెలల నష్టాన్ని ఏ తీర్పూ తిరిగి ఇవ్వలేదు.

అంటువ్యాధి ఉన్న ప్రదేశానికి పోరాదని, అక్కడివారు బయటకు రారాదని దైవప్రవక్త (స) ఇచ్చిన ఆదేశం ముస్లిములకు తెలిసినదే. హిజ్రీ 18, అంటే క్రీ.శ. 639లో అమ్వాస్ ప్లేగు సిరియాను చుట్టుముట్టినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) దారిలోనే వెనుదిరిగారు. హజ్రత్ అబూ ఉబైదా (రజి), హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) వంటి మహనీయులు ఆ ప్లేగులోనే అసువులు బాశారు. ముగ్గురు కుమార్తెలను ప్లేగులో పోగొట్టుకున్న హాఫిజ్ ఇబ్న్ హజర్ అస్ఖలానీ ఆ వ్యాధి విషయమై ఒక ప్రత్యేక గ్రంథమే రచించారు. ఈ సంప్రదాయం తెలిసిన సమాజం 2020 ఏప్రిల్ 25న మొదలైన రంజాన్‌లో మస్జిదులు మూసి, తరావీహ్ నమాజులు ఇళ్ళలో చేసుకున్నది. ఇల్లంతా ఇంట్లోనే ఉన్న ఆ నెలలో సహరీ, ఇఫ్తార్ వంటపని తల్లిమీదనే పడింది. అదే నెలలో ఆమెకు రావలసిన కుట్టుకూలి మాత్రం రాలేదు. పండుగ బట్టలు, వేసవి పెళ్ళిళ్ళ బట్టలు కుట్టి సంవత్సరానికి సరిపడా నాలుగు రూపాయలు వెనకేసుకునే కాలమది. 2021లోనూ ఇదే జరిగింది. మే 14న ఈద్ అనగా మే 12న రాష్ట్రంలో రెండవ లాక్‌డౌన్ వచ్చింది.

బీడీ చాట ముందు తల్లి

బీడీ పరిశ్రమ పనిచేసే తీరు తెలిస్తేనే అది ఆగినప్పటి బాధ తెలుస్తుంది. కంపెనీనుంచి తునికాకు, తంబాకు, దారం టేకేదారుకు వస్తాయి. టేకేదారు వాటిని స్త్రీలకు తూకం వేసి ఇస్తాడు. ఆమె ఆకును తడిపి, కత్తెరతో కత్తిరించి, చాట ఒడిలో పెట్టుకొని చుడుతుంది. వేయి బీడీలకు ఇంత అని కూలి. నాసిగా ఉన్నాయని కొన్ని కట్టలను తీసివేస్తే ఆ నష్టం ఆమెదే. చంటిబిడ్డ పక్కనే పడుకుంటుంది, పెద్దపిల్ల దారం కట్టడం నేర్చుకుంటుంది. తంబాకు దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. వెన్ను, మెడ, కళ్ళు, ఊపిరి ఆ పనికి మూల్యం చెల్లిస్తాయి.

చట్టం ఈమెను పూర్తిగా మరచిపోలేదు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటివద్ద చుట్టేవారిని కూడా కార్మికులుగా గుర్తించింది, ప్రసూతి ప్రయోజనాలను వారికి వర్తింపజేసింది. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి ఏర్పడింది. ఇంటివద్ద చుట్టేవారికి కూడా ప్రావిడెంట్ ఫండ్ చట్టం వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సంక్షేమ నిధికి ఆధారమైన సెస్సు మాత్రం 2017లో జి.ఎస్.టి. రాకతో రద్దయింది. తెలంగాణ ప్రభుత్వం 2015 నుంచి బీడీ కార్మికులకు నెలకు వేయి రూపాయల జీవనభృతి ఇచ్చింది, 2019లో దాన్ని 2,016 రూపాయలకు పెంచింది.

లాక్‌డౌన్‌తో ఆకు రాక, తంబాకు రాక, తయారైన సరుకు పోక బీడీ పని నిలిచిపోయింది. అప్పుడు ఒకే గల్లీలో, ఒకే పని చేసే ఇద్దరు తల్లుల మధ్య పెద్ద తేడా బయటపడింది. ఒకామె పేరు కంపెనీ పుస్తకంలో ఉన్నది, పి.ఎఫ్. నంబరు ఉన్నది. ఆమెకు నెలనెలా భృతి అందింది. 2020 మార్చి చివరలో కేంద్రం ఇచ్చిన సడలింపు ప్రకారం ప్రావిడెంట్ ఫండ్ నుంచి కొంత సొమ్ము తీసుకొనే వీలు కలిగింది. రెండవ ఆమె అత్తగారి పుస్తకం మీదనో, పక్కింటి ఆమె పేరు మీదనో బీడీలు చుట్టి ఇచ్చేది. ఏళ్ళ తరబడి చేసిన పనికి ఆమె వద్ద కాగితం లేదు. చట్టం దృష్టిలో ఆమె కార్మికురాలు కాదు, గృహిణి.

ఆ దినాలలో ఈ రెండవ ఆమెను ఆదుకొన్నది తెల్ల రేషను కార్డు. ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం మనిషికి 12 కిలోల ఉచిత బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. స్త్రీల జన్‌ధన్ ఖాతాలలో కేంద్రం మూడు నెలలపాటు నెలకు 500 రూపాయలు వేసింది. ఈ సహాయం ప్రాణం నిలిపింది. కాని పప్పు, నూనె, మందులు, ఇంటి అద్దె, చీటీ కిస్తీ వీటితో తీరేవి కావు. మహమ్మారి తర్వాత బీడీ కుటుంబాల తల్లులలో "నా పేరు మీద పుస్తకం కావాలి" అన్న పట్టుదలకు మూలం ఇక్కడ ఉన్నది. అంతకుముందు రోజుకు ఎన్ని వందల బీడీలు అన్నదే లెక్క. తర్వాత కాగితం, నంబరు, భృతి ముఖ్యమైనాయి.

టీచరమ్మ, ఆశమ్మ

మహమ్మారి అందరి పనినీ ఆపలేదు. కొందరి పనిని రెట్టింపు చేసింది. ఊరిలో ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి జ్వరం ఎవరికున్నది, ఎవరు బయటినుంచి వచ్చారు అని వ్రాసుకొన్నది, మందుల పొట్లాలు పంచింది, తర్వాత టీకాలకు జనాన్ని పోగుచేసింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఏర్పడిన ఈ వ్యవస్థలో ఆమెను స్వచ్ఛంద కార్యకర్తగా పరిగణించి పారితోషికమే ఇస్తారు గాని జీతం ఇవ్వరు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత ఆశా కార్యకర్తలను గౌరవించింది. ఆ గౌరవం అందుకొన్నవారిలో అధిక సంఖ్యాకులు తల్లులు. రోగుల ఇళ్ళకు వెళ్ళివచ్చి తమ బిడ్డను ఎత్తుకొనడానికి జంకిన తల్లులు.

పల్లెలలో మహిళా సంఘాలు ఐ.కె.పి. కేంద్రాల ద్వారా 2020 వేసవిలో యాసంగి వడ్లు కొన్నాయి. బజార్లు మూతపడిన కాలంలో ఆ కేంద్రాలు నడవకపోతే రైతు దిక్కులేనివాడయ్యేవాడు. ఎన్నో సంఘాలు మాస్కులు కుట్టి అమ్మాయి. కుట్టుమిషను ఉన్న తల్లికి ఇది కొన్నాళ్ళు ఆసరా అయింది.

ప్రైవేటు బడి టీచరమ్మ పరిస్థితి దీనికి విరుద్ధం. డిగ్రీ, బి.ఇడి. చదివి, తక్కువ జీతానికైనా గౌరవం ఉన్న కొలువని, తన పిల్లల ఫీజులో రాయితీ దొరుకుతుందని ఆమె ఆ పనిలో చేరింది. బడి మూతపడగానే జీతం సగమైనది లేదా పూర్తిగా ఆగినది. కొన్ని బడులు మళ్ళీ తెరువనే లేదు. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించవలసి వచ్చిందంటే పరిస్థితి ఎంత దిగజారిందో తెలుస్తుంది. టీచరమ్మలలో కొందరు పత్తి ఏరడానికి వెళ్ళారు, కొందరు ఇంటివద్ద పచ్చళ్ళు, పిండివంటలు చేసి అమ్మారు, కొందరు ట్యూషన్లు చెప్పారు. చదువుకొన్న స్త్రీకి కూలి చేను కొత్త. ఆ కొత్తదనంలో అవమానం కంటే పిల్లల ఆకలి పెద్దది.

మూతపడిన బడి

మహమ్మారి తల్లుల పనిమీద వేసిన అన్నిటికంటే పెద్ద దెబ్బ బడి మూత. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1న టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలైనాయి. తొమ్మిది, ఆపై తరగతులకు 2021 ఫిబ్రవరి 1న, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఆ నెల చివరలో బడి తెరిచారు. మార్చి 24న మళ్ళీ మూసివేశారు. చిన్నతరగతుల పిల్లలు 2021 సెప్టెంబరులో గాని బడి మెట్లు ఎక్కలేదు. అంటే ఒకటో తరగతిలో చేరవలసిన బిడ్డ ఏడాదిన్నర దాకా తల్లి చేతిలోనే ఉన్నది.

బడి చదువు చెప్పే స్థలం మాత్రమే కాదు. తల్లి పనికి పోయిన వేళ బిడ్డను కాపాడే స్థలం, మధ్యాహ్నం అన్నం పెట్టే స్థలం. అంగన్‌వాడీ కూడా అంతే. అవి మూతపడిన రోజున పనిచేసే తల్లికి ఉన్న రెండు ఆధారాలూ పోయాయి. ఇంట్లో ఒకే ఫోను, ముగ్గురు పిల్లలు, మూడు తరగతులు. తండ్రి ఆ ఫోను తీసుకొని బయటకు పోతే ఆనాటి పాఠం పోయినట్లే. దగ్గర కూర్చొని అక్షరాలు దిద్దించవలసిన బాధ్యత తల్లిదే అయింది, ఆమెకు చదువు వచ్చినా రాకపోయినా.

ఇక్కడ ఒక హెచ్చరిక ఉన్నది. తల్లి మళ్ళీ పనికి పోవలసి వచ్చినప్పుడు ఇంటివద్ద ఎవరుండాలి? చాలా ఇళ్ళలో ఆ స్థానం పెద్దకూతురికి దక్కింది. తమ్ముళ్ళను చూసుకోవడం, వంట చేయడం, బీడీ దారం కట్టడం, చేనుకు సద్ది మోయడం ఆమె పనులైనాయి. మైనారిటీ గురుకులాలు 2016లో 71 పాఠశాలలతో ప్రారంభమై తర్వాత 204కు పెరిగాయి. వాటిలో సుమారు సగం బాలికలవి. పేద ముస్లిం తల్లులు ఎందరో కూతురిని హాస్టలులో వదిలి నిశ్చింతగా పనిచేసుకొనగలిగారు. గురుకులం మూతపడి ఆ పిల్ల ఇంటికి వచ్చిననాడు ఆమె పుస్తకం అటకెక్కే ప్రమాదం ఏర్పడింది. పెళ్ళి సంబంధం మాట ముందుకు వచ్చింది. ఏ తల్లి గట్టిగా నిలబడి "నా బిడ్డ చదువుతుంది" అన్నదో ఆ ఇంట్లో చదువు నిలిచింది. ఇటువంటి తల్లుల పట్టుదల ఏ ప్రభుత్వ గణాంకాలలోనూ కనబడదు గాని, ఈ కాలపు చరిత్రలో దానికి చోటు ఉండవలసిందే.

రెండవ విడత, 2021 వేసవిలో, మరణాలను పెంచింది. భర్తను పోగొట్టుకొన్న తల్లి ఒక్కసారిగా ఇంటి యజమానురాలైనది. సుప్రీంకోర్టు ఆదేశాల పిమ్మట కోవిడ్ మృతుల కుటుంబాలకు 50,000 రూపాయల సహాయం ఇవ్వాలన్న నిర్ణయం జరిగింది. దాన్ని పొందడానికి మరణానికి కోవిడే కారణమని చూపే కాగితం కావాలి. ఇంటివద్ద కన్నుమూసిన మనిషికి ఆ కాగితం సంపాదించడం చదువురాని స్త్రీకి ఎంత కష్టమో చెప్పనవసరం లేదు. 1918లోవలెనే ఇక్కడ కూడా వైధవ్యం స్త్రీని పనిలోకి నెట్టింది.

లెక్కలు చెప్పేదేమిటి

కేంద్ర గణాంక శాఖ శ్రామిక సర్వే ప్రకారం పదిహేనేళ్ళు దాటిన స్త్రీలలో పనిచేసేవారు, పని కోరేవారు కలిసి 2019-20లో 30 శాతం. 2023-24 నాటికి ఇది 41.7 శాతానికి పెరిగింది. పైకి ఇది గొప్ప అభివృద్ధి. కాని పనిచేసే స్త్రీలలో నెల జీతం గలవారు 2017-18లో 21 శాతం ఉండగా, 2023-24లో 15.9 శాతానికి తగ్గారు. స్వయం ఉపాధిలో ఉన్నవారు 67.4 శాతం. మొత్తం స్త్రీ శ్రామికులలో 36.7 శాతం మంది ఇంటి వ్యవసాయంలోనో, దుకాణంలోనో కూలి లేకుండా తోడ్పడేవారు. వచ్చిన స్త్రీలలో ఎక్కువమంది జీతం ఉన్న కొలువులోకి రాలేదు.

ఇంటిపని సంగతి ఏమిటి? 2019లో జరిగిన కాలవినియోగ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీ రోజుకు 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు వెచ్చించినట్లు తేలింది. 2024 సర్వేలో స్త్రీకి 289 నిమిషాలు, పురుషునికి 88 నిమిషాలు. నడుమ ఒక మహమ్మారి గడిచింది. పురుషులు నెలల తరబడి ఇంట్లోనే ఉండి వంటపని, పిల్లలపని కళ్ళారా చూశారు. అయినా వారి భాగం పెరగలేదు సరికదా తగ్గింది. స్త్రీ బయటిపని పెరిగింది, ఇంటిపని పది నిమిషాలు మాత్రమే తగ్గింది. మిగిలిన భారాన్ని ఆమె నిద్రలోనుంచి, విశ్రాంతిలోనుంచి తీసి ఇస్తున్నది.

షరీఅత్ దృష్టిలో తల్లి సంపాదన

"స్త్రీ సంపాదన వల్లనే ఇల్లు పాడయింది" అని ఒకరు, "ఇంట్లో ఉండే స్త్రీ పని చేయనట్లే" అని మరొకరు అనడం వినిపిస్తూనే ఉంటుంది. ఇస్లామీయ చరిత్ర ఈ రెండు మాటలనూ సమర్థించదు. పురుషులు సంపాదించినది పురుషులది, స్త్రీలు సంపాదించినది స్త్రీలది అన్న భావం అన్నిసా సూరాలో స్పష్టంగా ఉన్నది. బిడ్డ కారణంగా తల్లిగాని, తండ్రిగాని కష్టాలపాలు కాకూడదన్న ఆదేశం అల్‌బఖరా సూరాలో ఉన్నది. కుటుంబ పోషణ భారం భర్తది. భార్య తన సంపాదన ఇంటికి ఖర్చుపెడితే అది ఆమె ఔదార్యం.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) గారి భార్య జైనబ్ (రజి) తన భర్తమీద, తన సంరక్షణలోని అనాథలమీద చేసే ఖర్చు దానంగా పరిగణింపబడుతుందా అని అడిగించినప్పుడు, ఆమెకు రెండు పుణ్యాలు ఉన్నాయని దైవప్రవక్త (స) శుభవార్త తెలిపారు. హజ్రత్ జాబిర్ (రజి) గారి పినతల్లి విడాకుల అనంతరం ఇద్దత్‌లో ఉండగా తన ఖర్జూర చెట్ల కాయలు కోసుకొనడానికి పోబోయింది. ఒకరు ఆమెను అడ్డగించారు. ఆమె ప్రవక్త (స) సన్నిధికి వెళ్ళింది. పోయి కోసుకొమ్మని, దానివల్ల దానమో మేలో చేయవచ్చునని ఆయన సెలవిచ్చారు. ఈ మూలం ఫిఖహ్ గ్రంథాలలో చర్చకు వచ్చింది. హనఫీ శాస్త్రగ్రంథమైన హిదాయాలో భర్త మరణించిన స్త్రీ ఇద్దత్‌లో ఉన్నప్పటికీ పగటివేళ జీవనోపాధికై బయటకు పోవచ్చునన్న అభిప్రాయం ఉన్నది. ఆమెకు పోషణ ఇచ్చేవారు లేరన్నదే దానికి కారణం. 2021 వేసవిలో భర్తను పోగొట్టుకొని, ఇద్దత్‌లో ఉండి, పిల్లల ఆకలి చూడలేక తల్లడిల్లిన స్త్రీలకు ఈ విషయం తెలియజేయవలసిన బాధ్యత పండితులది. కొన్నిచోట్ల బస్తీ మాటే షరీఅత్‌గా చెలామణీ అయినది.

ఇంటిపని విషయంలోనూ ఆదర్శం ఉన్నది. దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని అడిగినప్పుడు, కుటుంబం పనులలో ఉండేవారని, నమాజు వేళకు లేచి వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. 97 నిమిషాలు 88కి తగ్గిన సమాజం ఈ మాటను మళ్ళీ చదవవలసి ఉన్నది.

మిగిలిన కర్తవ్యం

1918 జ్వరం తర్వాత పనిలోకి వచ్చిన స్త్రీలు పదేళ్ళలో లెక్కలనుంచి మాయమైనారు. వారి పేర్లు, పనులు, కూలి ఎవరూ వ్రాసి ఉంచలేదు. 2020 తరానికి ఆ గతి పట్టకుండా చూడవచ్చు. బీడీలు చుట్టే ప్రతి స్త్రీకి తన పేరుమీద పుస్తకం ఉండటం, పత్తి ఏరే తల్లి బిడ్డకు పనికాలంలో అంగన్‌వాడీ తలుపు తెరిచి ఉండటం, బడి ఆగిన పిల్లను తిరిగి బడిలో చేర్చడం, కోవిడ్‌తో వితంతువైన స్త్రీకి కాగితాలు వ్రాసిపెట్టే మనిషి మొహల్లాలో దొరకడం సాధ్యమైన పనులే. జకాత్ సొమ్మును పంచే కమిటీలు ఒక పూట తిండికి మాత్రమే కాక కుట్టుమిషనుకూ, పరీక్ష ఫీజుకూ ఇవ్వవచ్చు.

మహమ్మారి తల్లుల మనసులో కొన్ని విషయాల స్థానాన్ని మార్చింది. రోజుకూలి కంటే నిలకడైన ఆదాయం, నగ కంటే బ్యాంకు ఖాతా, కూతురి పెళ్ళి కంటే ముందు ఆమె చదువు అని ఎందరో తల్లులు తేల్చుకొన్నారు. చదువు ఆగిపోయిన ఏడాదిన్నరలో వారు చూసినది వారికి ఈ నిర్ణయం నేర్పింది. జమ్మికుంట మార్కెట్టుకు ఏటా పత్తి వస్తూనే ఉంటుంది, దాన్ని ఏరే చేతులూ ఉంటాయి. ఆ చేతులు నేటి బాలికలవి కాకూడదని కోరుకొన్న తల్లి మాట చెల్లుబాటు కావాలంటే, ఇంట్లో ఆమె మోస్తున్న 289 నిమిషాల బరువులో మరొకరు చేయి వేయవలసి ఉంటుంది.